బీడీలు చుట్టే చేతులు, టీఎంఎస్, మెదడు ప్లాస్టిసిటీ: ఈ టాపిక్ థీసిస్‌కి నిలుస్తుందా?

తునికాకు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. వరంగల్‌లో న్యూరో ఫిజియోథెరపీలో ఎంపీటీ చేస్తున్నాను. మాది మెట్‌పల్లి దగ్గర ఊరు. థీసిస్ టాపిక్ ఇవ్వాల్సిన టైం దగ్గర పడింది, టెన్షన్ మొదలైంది.

మా వైపు ఆడవాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచే బీడీలు చుడతారు. ఆకులో చిటికెడు పొగాకు వేయడం, బొటనవేలు చూపుడువేలు మధ్య దొర్లించడం, మూతి మలవడం, దారం కట్టడం, అన్నీ టీవీ చూస్తూనే అయిపోతాయి. చేతి వైపు చూడనే చూడరు. ఇరవై, ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి మెదడులో ఆ రెండు వేళ్లకు సంబంధించిన చోటు మారి ఉంటుంది కదా? పనిని బట్టి మెదడు ఇట్లా మారడాన్నే ప్లాస్టిసిటీ అంటారు. 1995లో పాస్కువల్-లియోన్ బృందం పియానో రానివాళ్లతో రోజుకు రెండు గంటల చొప్పున అయిదు రోజులు ఒక వరుస సాధన చేయించింది. టీఎంఎస్‌తో (తల బయట నుంచే అయస్కాంత పల్సుతో మెదడును తట్టే పద్ధతి) గీసిన మ్యాపులో ఆ వేళ్ల కండరాల చోటు పెద్దదైంది. వేళ్లు కదపకుండా మనసులోనే వాయించినవాళ్లకు కూడా! అయిదు రోజులకే అంత మార్పు ఉంటే ముప్పై ఏళ్ల పనికి ఎంత ఉండాలి?

మా గైడ్‌కు తెలిసిన ల్యాబ్‌లో మెషిన్ వాడుకోనిస్తారట. ఏం కొలవాలి, ఎట్లా కొలవాలి అన్నది తెలిసినవాళ్లు చెప్పగలరు.

మట్టెవాడ_మాస్టారు

ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని, డాక్టర్‌ని కాను. నాకు తెలిసినంత చెప్తాను. ఈ మెషిన్ మూలం 1831 నాటి ఫారడే సూత్రమే. తల మీద పెట్టిన తీగచుట్టలోకి కొన్ని వేల ఆంపియర్ల కరెంట్‌ను సెకనులో పదివేలో వంతు లెక్కన వదిలితే, ఒకటిన్నర రెండు టెస్లాల అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. అట్లా మారే క్షేత్రం కింద ఉన్న మెదడులో విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పుర్రె అయస్కాంత క్షేత్రాన్ని ఆపదు. అసలు కిటుకు అదే. 1980లో మెర్టన్, మోర్టన్ తల చర్మం మీద నేరుగా షాక్ ఇచ్చి చేతిని కదిలించారు గానీ, మధ్యలో ఎముకను దాటించాలంటే చాలా వోల్టేజ్ కావాలి, నొప్పి. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం అయస్కాంతంతో అదే పని నొప్పి లేకుండా చేసింది.

ఇది ఎంత లోతుకు పోతుందో తెలిసినవాళ్లు చెప్పాలి.

చౌరస్తా

మెదడుకు కరెంట్ పెట్టడం అంటే పిచ్చాసుపత్రి షాక్ ట్రీట్‌మెంటే కదా ఇది?

నాడీతంతువు

కాదన్నా. షాక్ ట్రీట్‌మెంట్‌లో మత్తిచ్చి, ఫిట్స్ రావాలనే కరెంట్ ఇస్తారు. ఇక్కడ ఫిట్స్ రాకూడదనే మొత్తం జాగ్రత్త. మనిషి కుర్చీలో మెలకువగా కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. టక్ మని చప్పుడు, తల మీద చిన్న తట్టు, బొటనవేలు ఒకసారి అదురుతుంది. అంతే. చప్పుడు గట్టిగా ఉంటుంది కాబట్టి చెవుల్లో ప్లగ్గులు పెడతాం. తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్, పేస్‌మేకర్, ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్లను తీసుకోం.

మాస్టారూ, ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ (తీగచుట్ట) అయితే రెండు మూడు సెంటీమీటర్ల లోతు, అంతకు మించి కష్టం. మన అదృష్టం కొద్దీ చేతిని నడిపే చోటు పైననే ఉంది.

నేను హన్మకొండవాణ్నే, ఇప్పుడు బెంగళూరులో ఈ పనే చేస్తున్నాను. తునికాకు గారికి ముందు కొలత గురించి చెప్తాను. చాలామంది అక్కడే జారతారు.

కాయిల్‌ను మోటార్ కార్టెక్స్ (కదలికలను నడిపే మెదడు పైపొర) మీద పెట్టి ఒక పల్స్ ఇస్తే, సంకేతం వెన్నుపాము మీదుగా దిగి చేతి కండరానికి సుమారు 20 మిల్లీసెకన్లలో చేరుతుంది. చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లలో ఒక అల కనిపిస్తుంది. దాన్నే ఎంఈపీ అంటాం. పది పల్సుల్లో అయిదింటికైనా 50 మైక్రోవోల్టుల ఎంఈపీ తెప్పించే అతి తక్కువ బలం ఆ మనిషి థ్రెషోల్డ్. తర్వాత బలాన్ని కదపకుండా ఏదైనా చేసి, మళ్లీ కొలుస్తాం. ఎంఈపీ పెరిగితే కార్టెక్స్ ఉత్తేజం పెరిగిందని, తగ్గితే తగ్గిందని రాస్తాం.

ఇక్కడే మెలిక. చివరి మడిలో నీళ్లు చూసి చెరువులో ఎంత నీరుందో చెప్పినట్టు ఉంటుంది ఈ లెక్క. మధ్యలో వెన్నుపాము ఉంది, నరం ఉంది, నరం కండరాన్ని కలిసే చోటు ఉంది, కండరం ఉంది. ఎక్కడ తేడా వచ్చినా ఎంఈపీ మారుతుంది. పైగా ఒకే మనిషికి, ఒకే బలంతో, అయిదు సెకన్ల తేడాతో ఇచ్చిన రెండు పల్సులకు ఒకటి రెండోదానికి రెండింతలు ఉండొచ్చు. అందుకే ఇరవై, ముప్పై తీసి సగటు చూస్తాం. చేయి కొంచెం బిగపట్టినా ఎంఈపీ ఎగిరిపోతుంది, కాబట్టి చేయి వదులుగా ఉందో లేదో ప్రతి పల్సుకూ స్క్రీన్ మీద చూసుకోవాలి.

చౌరస్తా

మంచిగా చెప్పినవన్నా. అసలు నేను ఈ చర్చలోకి వచ్చింది వేరే పని మీద. మా నాయినకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. ఇప్పుడు భుజం లేస్తోంది గానీ వేళ్లు రావట్లేదు. "అయస్కాంత చికిత్సతో చేతికి మళ్లీ జీవం" అని ఒక సెంటర్ ప్రకటన చూశాను, ప్యాకేజీ రేటు చూస్తే గుండె గుభేలుమంది. చేయించాలా?

నాడీతంతువు

నాయినను చూడకుండా చేయించు, వద్దు అని నేను చెప్పలేనన్నా, మీ న్యూరాలజిస్ట్‌ను అడగాలి. తెలిసింది మాత్రం చెప్తాను, విని నువ్వే ఆలోచించు.

పక్షవాతంలో దెబ్బ తగలని వైపు మెదడు, దెబ్బ తిన్న వైపును అణిచిపెడుతుందనేది ఒక ఆలోచన. బాగున్న వైపు మీద సెకనుకు ఒక పల్స్ చొప్పున ఇస్తే దాని జోరు తగ్గి, అవతలి వైపు తేరుకుంటుందని చిన్న ప్రయోగాల్లో ఆశ కలిగింది. దాన్ని పెద్దగా, 199 మందితో చేసి 2018లో ఫలితం ప్రచురించారు. అసలు పల్సులు అందుకున్నవాళ్లలో 67 శాతం మంది ఆరు నెలలకు చెప్పుకోదగ్గంత మెరుగయ్యారు. ఉత్తుత్తి పల్సులు అందుకున్నవాళ్లలో 65 శాతం. రెండు గుంపులకూ చేతి వ్యాయామం మాత్రం గట్టిగా చేయించారు. ఆ మెరుగు ఎక్కడిదో చూసుకో. నాయినకు ఫిజియో మానిపించొద్దు.

ఇంకో మాట. టీఎంఎస్ పక్షవాతంలో బాగా పనికొచ్చేది మందుగా కాదు, జోస్యానికి. స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లో పడిపోయిన చేతి కండరంలో ఎంఈపీ కనిపిస్తే, ఆ చేయి తిరిగొచ్చే అవకాశం బాగా ఎక్కువ. దారి పూర్తిగా తెగలేదని అర్థం. డిప్రెషన్ సంగతి వేరు, దానికి 2008లోనే అమెరికాలో అనుమతి వచ్చింది, ప్రయోజనానికి ఆధారాలు ఉన్నాయి. ఆ పేరు చూపించి చేతికి ప్యాకేజీ అమ్మితే నమ్మకు.

చౌరస్తా

సరే అన్నా. మస్తు క్లారిటీ వచ్చింది. ఫిజియో అయితే ఆపలేదు, ఇంటికే వచ్చి చేస్తున్నారు.

కాజీపేట_జంక్షన్

టీఎంఎస్ మెషిన్ లక్షల్లో ఉంటుంది కదా, టీడీసీఎస్ (తల మీద సన్నని కరెంట్ పారించే పద్ధతి) ఎందుకు వద్దు? రెండు స్పాంజీలు, ఉప్పునీళ్లు, ఒక మిల్లీయాంపియర్. 2000లో నీషె, పౌలుస్ జర్మనీలోని గోటింగెన్‌లో చూపించారు. 2001లో 13 నిమిషాలు ఇస్తే ఎంఈపీ గంటా గంటన్నర దాకా ఎక్కువగానే ఉంది. 9 వోల్ట్ బ్యాటరీ, ఒక రెగ్యులేటర్ చాలు. ఎలక్ట్రికల్ బ్రాంచ్‌లో మా సెకండియర్ పోరగాళ్లు కూడా చేస్తారు. సర్క్యూట్ పెడతా, కావాలా?

మోడరేటర్

సర్క్యూట్ ఇక్కడ పెట్టొద్దు. తల మీద సొంతంగా కరెంట్ పెట్టుకునే పద్ధతులు ఈ వేదికలో ఉండవు. స్పాంజీ ఒక మూల ఎండిపోతే కరెంట్ అంతా మిగిలిన చోట పోగై చర్మం కాలుతుంది. చర్చ కొనసాగించండి.

నాడీతంతువు

సర్క్యూట్ సంగతి మోడరేటర్ చెప్పారు, నేను సైన్స్ చెప్తా తమ్మీ. టీఎంఎస్ పల్సు మెదడులో మీటరుకు 100 వోల్టుల స్థాయి క్షేత్రం పుట్టిస్తుంది, న్యూరాన్ (మెదడు కణం) దానికదే పేలుతుంది, అంటే సంకేతం పంపుతుంది. టీడీసీఎస్‌లో లోపలికి చేరేది మీటరుకు ఒక వోల్టు కూడా ఉండదు. న్యూరాన్‌ను అది పేల్చదు, పేలడానికి కొంచెం దగ్గరగానో దూరంగానో జరుపుతుంది, అంతే. చర్మం, పుర్రె కలిసి సగానికి మించి కరెంట్‌ను పక్కదారి పట్టిస్తాయి, శవాల మీద కొలిచి మరీ చూశారు. అంత చిన్న తోపుడుకు ప్రతి మనిషిలో ఒకే ఫలితం రావాలని ఆశపడకూడదు.

ఇంకోటి. టీడీసీఎస్ ఇచ్చినా దాని ఫలితం కొలవాలంటే ఎంఈపీ కావాలి, ఎంఈపీకి టీఎంఎస్ కావాలి. ఖర్చు ఎక్కడ తగ్గింది?

కాజీపేట_జంక్షన్

అది పాయింటే. కానీ "ప్రతి మనిషిలో ఒకే ఫలితం రాదు" అన్న మాట మీ టీఎంఎస్‌కు కూడా వర్తిస్తుంది కదా అన్నా? థీటా బర్స్ట్ (టీఎంఎస్ పల్సులను గుంపులు గుంపులుగా వేగంగా ఇచ్చే పద్ధతి) గురించి చదివాను. 2005లో హువాంగ్ బృందం 40 సెకన్లలో 600 పల్సులిస్తే గంట దాకా ఎంఈపీ తగ్గిందన్నది. 2013లో హమాదా బృందం అదే పద్ధతిని యాభై మందికి పైగా చేసి సగటు చూస్తే తేడానే లేదు. మరి దీన్నెట్లా నమ్మాలి?

నాడీతంతువు

వర్తిస్తుంది, నిక్షేపంగా. ఆ 2013 పేపర్ మా అందరికీ చల్లనీళ్లు పోసిన పేపర్. అయితే అందులో సగటు ఒక్కటే చదివి వదిలేయొద్దు. కొందరిలో పెరిగింది, కొందరిలో తగ్గింది, అవి కొట్టేసుకుని సున్నా అయ్యాయి. ఆ తేడాలో దాదాపు సగం దేనివల్లంటే, పల్సు ఆ మనిషి కార్టెక్స్‌లో ఏ న్యూరాన్ల గుంపును పట్టుకుంటుందన్నదాని వల్ల. కాయిల్‌ను ఒక దిక్కుకు తిప్పితే సంకేతం త్వరగా వస్తుంది, ఇంకో దిక్కుకు తిప్పితే ఒకటి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం మనిషి మనిషికీ వేరు. అంటే "రెస్పాండర్", "నాన్-రెస్పాండర్" అని జనాన్ని రెండు గంపలకెత్తే ముందు, పల్సు అందరిలోనూ ఒకే చోటును తాకిందా అని అడగాలి. పది మందితో థీసిస్ చేసి సగటు రాసేవాళ్లకు ఇది మింగుడు పడదు.

మెట్‌పల్లి_అక్క

చెల్లె, నీ టాపిక్ చూసి నవ్వొచ్చింది, సంతోషం కూడా అయింది. నేను పెండ్లి దాకా బీడీలు చుట్టినదాన్నే, ఇప్పుడు టీచర్‌ని. మా అమ్మ ఇంకా చుడుతోంది. నాకు నీ సైన్స్ తెల్వదు గానీ చేతుల సంగతి తెలుసు.

ఒకటి, ఎడమ చేయి ఖాళీగా ఉండదు. ఆకు పట్టేది ఒకటి, దొర్లించేది రెండూ, దారం చుట్టేది ఒకటి. కుడి చేతికి ఎడమ చేతికి పోల్చి చూస్తానంటే కుదరదు. రెండు, బీడీలు చుట్టనివాళ్లను తెచ్చి పోలుస్తావనుకో, వాళ్లెవరు? మా ఊర్లో బీడీలు చుట్టని ఆడోళ్లు పత్తి ఏరతారు, మిరపకాయ తెంపుతారు, మిషన్ కుడతారు. వేళ్లకు పని లేని మనిషిని యాడ తెస్తావు? మూడు, మా అమ్మకు రాత్రిళ్లు వేళ్లు తిమ్మిర్లెక్కి లేచి కూర్చుంటుంది. ఆ వాడలో సగం మందికి అంతే. నాలుగు, పొగాకు. పొద్దంతా చాటలో చేయి పెట్టి కూర్చుంటే ఒంట్లోకి పోదా? కొత్తగా చుట్టేటప్పుడు నాకు తల తిరిగి వాంతులయ్యేవి.

నాడీతంతువు

అక్కా, మీరు రాసిన నాలుగు ముక్కలు పరీక్షకులు అడగబోయే నాలుగు ప్రశ్నలు. చివరి రెండూ మరీ ముఖ్యం.

రాత్రి తిమ్మిర్లంటే చాలాసార్లు మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుపోవడం, కార్పల్ టన్నెల్. ఈ నరమే బొటనవేలి మట్ట కండరానికి పోతుంది. అది నొక్కుకుపోతే ఎంఈపీ చిన్నదవుతుంది, కార్టెక్స్‌కు ఏ సంబంధమూ లేకుండానే. తునికాకు గారు అది చూసి "బీడీ కార్మికుల కార్టెక్స్ ఉత్తేజం తక్కువ" అని రాస్తే కథ కంచికే. రెండు పనులు చేయాలి. బొటనవేలు చూపుడువేలు మధ్య ఉబ్బెత్తు కండరాన్ని, ఫస్ట్ డార్సల్ ఇంటరాసియస్‌ను తీసుకోండి. దానికి అల్నార్ నరం పోతుంది, కార్పల్ టన్నెల్ మీదుగా పోదు. బీడీ దొర్లించేటప్పుడు చూపుడువేలిని నడిపేది కూడా అదే. రెండోది, మణికట్టు దగ్గర నరాన్ని నేరుగా స్టిమ్యులేట్ చేసి ఆ కండరం ఇవ్వగల గరిష్ట అలను, ఎం-వేవ్‌ను తీసి, ఎంఈపీని దానిలో ఎన్నో వంతుగా రాయండి. అప్పుడు కండరం, నరం తేడాలు లెక్కలోంచి చాలావరకు పోతాయి.

ఇక ప్లాస్టిసిటీని కొలవడానికి పీఏఎస్ అనే జంట పద్ధతి ఉంది. 2000లో స్టెఫాన్, క్లాసెన్ వాళ్లు తెచ్చిన పద్ధతి. మణికట్టు దగ్గర మీడియన్ నరానికి చిన్న షాక్, సరిగ్గా 25 మిల్లీసెకన్ల తర్వాత కార్టెక్స్ మీద టీఎంఎస్ పల్సు. ఇట్లా అరగంటలో 90 జంటలు. నరం సంకేతం మెదడుకు చేరే క్షణానికి పల్సు కలిస్తే ఎంఈపీ పెరుగుతుంది. ఎడం 10 మిల్లీసెకన్లే పెడితే, అంటే పల్సు ముందే వచ్చేస్తే, తగ్గుతుంది. కాలమే అంతా! ఇప్పుడు చూడండి, తిమ్మిర్లెక్కే చేతిలో నరం సంకేతమే ఆలస్యం కావచ్చు. అందరికీ గుడ్డిగా 25 పెడితే వీళ్లలో జత తప్పొచ్చు. అది ప్లాస్టిసిటీ లోపం కాదు, మణికట్టు లోపం. అందుకని ఒక్కొక్కరిలో సంకేతం కార్టెక్స్‌ను చేరే సమయాన్ని, ఎన్20 అలను, ముందు ఈఈజీలో కొలిచి, దాన్నిబట్టి ఎడం పెట్టుకోవాలి.

పొగాకు సంగతికొస్తే, చర్మం గుండా నికోటిన్ పోతుంది. బీడీలు చుట్టేవాళ్ల మూత్రంలో దాని ఆనవాలు, కొటినిన్, ఎక్కువగా కనిపించింది కూడా. గోటింగెన్ వాళ్లే పొగతాగనివాళ్లకు నికోటిన్ ప్యాచ్ అంటించి చూస్తే, ఎంఈపీని తగ్గించే రకం ప్లాస్టిసిటీ దాదాపు కనిపించకుండా పోయింది. కాబట్టి ఈ ఆడవాళ్లలో మీరు చూసేది ముప్పై ఏళ్ల చేతి పనా, ఆ పొద్దుటి పొగాకా? కొటినిన్ కొలవకుండా ఆ రెండింటినీ విడదీయలేరు.

తునికాకు

అక్కా, అన్నా, ఇద్దరికీ చేతులెత్తి దండం. చదువుతుంటే టాపిక్ మార్చేద్దామా అనిపించింది. కానీ 2007లో సంగీతకారుల మీద వచ్చిన పేపర్ చూశాను, వృత్తిగా వాయించేవాళ్లలో పీఏఎస్ ప్రభావం రెండు దిక్కులా (ఎంఈపీ పెరగడంలోనూ, తగ్గడంలోనూ) మామూలువాళ్ల కంటే ఎక్కువ ఉందట. బీడీ చుట్టడం అంతకు తక్కువ పనేం కాదు అనే పట్టుదల నాది.

మట్టెవాడ_మాస్టారు

పట్టుదల మంచిదే అమ్మా. ఒక అనుమానం. సంగీతకారుడు రోజూ కొత్తది నేర్చుకుంటూ ఉంటాడు. బీడీ చుట్టడం ఏడాదిలో వచ్చేస్తుంది, మిగతా ఇరవై తొమ్మిదేళ్లు అదే తిప్పుడు. నేర్చుకోవడం, చేసుకుంటూ పోవడం మెదడుకు ఒకటేనా?

నాడీతంతువు

మాస్టారూ, ప్రశ్నంటే ఇదీ. ఒకటి కాకపోవచ్చు. నేర్చుకునేటప్పుడు మ్యాపు పెరిగి, పని అలవాటయ్యాక మళ్లీ మామూలుకు వచ్చిన ఉదాహరణలున్నాయి. 1994లో పాస్కువల్-లియోన్ వాళ్లే ఇది చూపించారు. బటన్ల వరుసను తెలియకుండా నేర్చుకుంటున్నంతసేపు మ్యాపు పెరిగింది, వరుస పూర్తిగా తెలిసిపోయాక తగ్గింది. కాబట్టి "ముప్పై ఏళ్లకు మ్యాపు ఎంత పెద్దదై ఉంటుందో" అనే ఊహతో బయల్దేరొద్దు. మామూలుగా ఉండొచ్చు, చిన్నదిగానూ ఉండొచ్చు.

తునికాకు గారూ, నా మాట వింటే స్థిరంగా ఉన్న మ్యాపును వదిలేయండి. ఇంత చేయి తిరిగినవాళ్లలో కొత్త కదలికకు కార్టెక్స్ ఎంత త్వరగా మారుతుందో చూడండి. క్లాసెన్ వాళ్లది 1998 నాటి ప్రయోగం ఒకటుంది. టీఎంఎస్ ఇస్తే బొటనవేలు ఏ దిక్కుకు అదురుతుందో ముందు చూస్తారు. తర్వాత దానికి సరిగ్గా ఎదురు దిక్కులో పదిహేను, ముప్పై నిమిషాలు వేలు కదిలించమంటారు. మళ్లీ టీఎంఎస్ ఇస్తే వేలు నేర్చుకున్న దిక్కుకు అదురుతుంది! కొన్ని నిమిషాల తర్వాత పాత దిక్కుకే పోతుంది. మణికట్టు నరానికి షాక్ అక్కర్లేదు, 25 మిల్లీసెకన్ల గొడవ లేదు, దిక్కు కొలవడానికి చిన్న యాక్సిలరోమీటర్ (కదలికను పట్టే సెన్సర్) చాలు. పైగా ఎంఈపీ ఎత్తు కన్నా దిక్కు మీద నరం దెబ్బ ప్రభావం తక్కువ.

కాజీపేట_జంక్షన్

యాక్సిలరోమీటర్ పెట్టడం, డేటా తీయడం నా పని. తలకు కరెంట్ పెట్టే పని కాదు కాబట్టి మోడరేటర్ గారికి అభ్యంతరం ఉండదనుకుంటా :)

ఒక డౌట్ అన్నా. దిక్కు మారిందంటే సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) బలపడినట్టేనా? ఎలుక మెదడు ముక్కలో చూసే ఎల్‌టీపీ (సినాప్స్ చాలాసేపు బలపడి ఉండటం) ఇదేనా?

నాడీతంతువు

"ఎల్‌టీపీ లాంటిది" అని రాయి, "ఎల్‌టీపీ" అని రాయకు. పోలికకు మంచి ఆధారమే ఉంది. దగ్గు మందులో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫన్ సినాప్స్ దగ్గర ఉండే ఎన్ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. అది మింగించాక ఈ బొటనవేలి ప్రయోగం చేస్తే దిక్కు సరిగా మారలేదు. పీఏఎస్‌లోనూ ఎంఈపీ పెరగలేదు. ఎలుకలో ఎల్‌టీపీకి కూడా ఆ గ్రాహకమే కావాలి. కానీ మనిషిలో సినాప్స్‌ను ఎవరూ తాకి చూడలేదు, మనం చూస్తున్నది వేలిని.

దీంతో పాటే తునికాకు గారికి ఒక సూచన. వచ్చేవాళ్లను దగ్గు, నిద్ర, ఫిట్స్ మందులేమైనా వాడుతున్నారా అని తప్పకుండా అడగండి.

తునికాకు

గైడ్‌తో మాట్లాడాను. బొటనవేలి దిక్కు పద్ధతికి ఒప్పుకున్నారు. పోల్చడానికి పత్తి ఏరేవాళ్లు కాదు, అదే వాడలో కుట్టు మిషన్ కుట్టేవాళ్లు, వయసు సరిచూసి. రెండు గుంపులూ వేళ్ల పనివాళ్లే, పొగాకు ఒకళ్లకే. కొటినిన్ ల్యాబ్‌లో చేయిస్తాం. నరాల పరీక్షలో కార్పల్ టన్నెల్ తేలినవాళ్లను విడిగా రాస్తాం.

ఇప్పుడు ఎథిక్స్ కమిటీకి పేపర్లు రాస్తున్నాను. అక్కా, మీరే చెప్పాలి. వాళ్లను ఏ టైంకి రమ్మనాలి? నగలు తీయమంటే తీస్తారా?

మెట్‌పల్లి_అక్క

పొద్దున పిలవకు, ఎవరూ రారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, పొద్దంతా పోతే ఆ కూలి పోయినట్టే. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి వచ్చాక పిలువు. బస్సు చార్జీలతో పాటు పోయిన కూలి కూడా ఇస్తామని కాగితంలో రాయి. కాగితం తెలుగులో ఉండాలి, చదవడం రానోళ్లకు చదివి వినిపించే మనిషి కావాలి, ఆ మనిషి మీ కాలేజీ మనిషి కాకుంటే మంచిది. నగల సంగతి, కమ్మలు తీస్తారు. పుస్తెలు తీయమంటే మాత్రం సగం మంది అట్లనే వెనక్కి పోతారు.

నాడీతంతువు

కమ్మలు, మాటీలు, ముక్కుపుడక, జడ క్లిప్పులు, కళ్లజోడు తీయించండి. పుస్తెలు కాయిల్‌కు దూరంగానే ఉంటాయి, అయినా మీరు వాడే మెషిన్ మాన్యువల్‌లో ఎంత దూరం రాసి ఉందో చూసి, అదే కమిటీ కాగితంలో పెట్టండి. తల నూనెతో టీఎంఎస్‌కు ఇబ్బంది లేదు. చేతి మీద ఎలక్ట్రోడ్లు అంటించే ముందు మాత్రం పొగాకు మరక పోయేదాకా స్పిరిట్‌తో తుడవండి, లేకుంటే సిగ్నల్ నిండా గోలే.